మార్పిడికి హద్దులు: రూన్‌స్కేప్ ఆటలో విపణి చరిత్ర (2001–2021)

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తర్వాత మీరు:
• ఆన్‌లైన్ ఆటలో విపణి ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు;
• 2007–08లో వచ్చిన మార్పిడి ఆంక్షలకు కారణాలను, ఫలితాలను విశ్లేషించగలుగుతారు;
• కానుకకు, అమ్మకానికి మధ్య తేడాను నియమాలతో గుర్తించడం ఎందుకు కష్టమో చెప్పగలుగుతారు.

1. పరిచయం

విపణి చరిత్ర అనగానే మనకు రేవు పట్టణాలు, వర్తక శ్రేణులు, వారపు సంతలు గుర్తుకు వస్తాయి. కంప్యూటర్ తెర మీద మాత్రమే కనిపించే పట్టణంలో జరిగే క్రయవిక్రయాలకు కూడా చరిత్ర ఉంటుందా అని మీకు సందేహం కలగవచ్చు. వస్తువు ఊహాజనితమే అయినా, దానికోసం వెచ్చించిన సమయం నిజమైనది, దానిని పంచుకున్న మనుషులు నిజమైనవారు. అందువల్ల దానికి చరిత్ర ఉంటుంది.

ఆన్‌లైన్ పాత్రధారణ ఆట అంటే వేలాది మంది తమ తమ కంప్యూటర్ల నుంచి ఒకే ఊహాలోకంలో ప్రవేశించి, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను పెంచుకునే ఆట. ఆండ్రూ గోవర్ రూపొందించిన రూన్‌స్కేప్ 2001 జనవరి 4న ప్రారంభమైంది. ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జ్ కేంద్రంగా పనిచేసే జాగెక్స్ కంపెనీ దీనిని నిర్వహిస్తోంది. ఇందులో ఆటగాళ్లు గనులు తవ్వుతారు, చేపలు పడతారు, కత్తులు, కవచాలు తయారు చేస్తారు, రాక్షసులతో పోరాడతారు. 2002 నుంచి నెల చందా కట్టినవారికి అదనపు ప్రాంతాలు, పనులు అందుబాటులోకి వచ్చాయి.

2. సంత పుట్టుక

అన్ని పనుల్లోనూ ఒకే ఆటగాడు ఆరితేరడానికి చాలా కాలం పడుతుంది. కనుక ఒకరు ఖనిజం తవ్వితే మరొకరు దానిని కొని కవచం చేశారు. అంటే ఇక్కడ శ్రమ విభజన దానంతట అదే ఏర్పడింది. మార్పిడి జరగడానికి చోటు కావాలి. ఆటగాడి సంచిలో 28 గళ్లు మాత్రమే ఉంటాయి. మిగిలిన సరుకు బ్యాంకులో ఉంటుంది. అందువల్ల సరుకుకు దగ్గరగా, బ్యాంకుల ముందే సంతలు వెలిశాయి. వారాక్ పట్టణంలోని పడమటి బ్యాంకు అలాంటి సంతలకు పేరు పొందింది. అక్కడ అమ్మేవారూ కొనేవారూ నిలబడి, తమ బేరాన్ని రంగు అక్షరాల్లో పదేపదే టైపు చేసేవారు.

బరువైన సరుకును మోయలేని సమస్యకు ఆటలో పత్రాలు వచ్చాయి. ఖనిజానికి బదులు దాని పత్రాన్ని చేతులు మార్చి, తర్వాత బ్యాంకులో అసలు సరుకు తీసుకోవచ్చు. హుండీల గురించి చదువుకున్న మీకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. చివరి క్షణంలో వస్తువు మార్చి మోసం చేసేవారి నుంచి రక్షణగా, మార్పిడిని ఇరువైపులా రెండుసార్లు ధ్రువీకరించే పద్ధతి అమలైంది.

కొరత విలువను ఎలా సృష్టిస్తుందో పార్టీ టోపీల కథ చెబుతుంది. 2001 క్రిస్మస్‌కు కంపెనీ ఉచితంగా పంచిన ఈ కాగితపు టోపీలకు యుద్ధంలో ఏ ఉపయోగమూ లేదు. అమ్ముకోదగిన రూపంలో అవి మళ్లీ రాలేదు. కాలక్రమంలో వాటి ధర ఎంత పెరిగిందంటే, ఒక రాశిగా ఆట లెక్కించగల గరిష్ఠ నాణేల సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647ను కూడా దాటిపోయింది. అప్పుడు నాణేలతో పాటు ఇతర వస్తువులు కలిపి ఇవ్వవలసి వచ్చింది.

3. బయటి డబ్బు ప్రవేశం

ఆటలోని నాణేలు సంపాదించడానికి గంటలు పడుతుంది. సమయం లేనివారు నిజమైన డబ్బు ఇచ్చి వాటిని కొనడం మొదలుపెట్టారు. ఇది రూన్‌స్కేప్‌కే పరిమితం కాదు. ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలోని వస్తువులు వేలంలో పలికిన ధరలను పరిశీలించి, అమెరికా ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రనోవా 2001లోనే ఆ ఆటలోకపు తలసరి ఉత్పత్తిని అంచనా వేశారు. 2007 జనవరిలో ఈబే సంస్థ ఇలాంటి ఆట వస్తువుల వేలాలను తన సైటు నుంచి తొలగించింది. అయినా వ్యాపారం ఆగలేదు, వేరే దారులు వెతుక్కుంది.

ఈ వ్యాపారంలో గమనించదగిన అంశం ఒకటి ఉంది. కొనేవాడు డబ్బును ఆట వెలుపల చెల్లిస్తాడు. ఆట లోపల మాత్రం ఒకరు మరొకరికి ఏ ప్రతిఫలమూ లేకుండా లక్షల నాణేలు ఇచ్చినట్లు కనిపిస్తుంది. అంటే అది చూడటానికి అచ్చం కానుకలా ఉంటుంది. నాణేలను పెద్దఎత్తున కూడబెట్టడానికి అమ్మకందారులు బాట్‌లను, అంటే మనిషి లేకుండా ఆడే ప్రోగ్రాములను వాడారు. దొంగిలించిన క్రెడిట్ కార్డులతో చందాలు కట్టడం తమకు పెద్ద సమస్యగా మారిందని జాగెక్స్ తెలిపింది.

4. 2007–08 ఆంక్షలు

కంపెనీ రెండు అడుగులు వేసింది. మొదటిది, 2007 నవంబరులో వారాక్‌లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే కేంద్ర విపణిని తెరిచింది. అక్కడ ఆటగాడు తన ధర నమోదు చేసి వెళ్లిపోవచ్చు. సరిపోయే బేరం దొరికినప్పుడు వ్యవస్థే మార్పిడి పూర్తి చేస్తుంది. అయితే సూచిక ధరకు 5 శాతం కంటే ఎక్కువగా గానీ తక్కువగా గానీ బేరం పెట్టే వీలు లేదు.

రెండవది, 2008 జనవరిలో విలువలు సమానంగా లేని మార్పిడులను నిషేధించింది. ఇరువైపులా ఉన్న సరుకు విలువల తేడా స్వల్ప పరిమితిని మించితే మార్పిడి జరగదు. పోరాటంలో ఓడినవారి సరుకు గెలిచినవారికి దక్కుతుంది కనుక, కావాలని ఓడిపోయి సొమ్ము చేరవేసే అవకాశం ఉంది. దానిని మూసివేయడానికి వైల్డర్నెస్ ప్రాంతంలో ఆటగాళ్లు పరస్పరం పోరాడుకునే పాత పద్ధతిని కూడా తొలగించింది.

ఆటలోని పట్టణాల్లో ఆటగాళ్లు గుంపులుగా చేరి నిరసన తెలిపారు. వారిలో ఎక్కువమంది నాణేలు అమ్ముకునేవారు కారు. కొత్తగా చేరిన తమ్ముడికి అన్న ఒక మంచి కత్తి ఇవ్వలేకపోయాడు. స్నేహితుడికి చేబదులు ఇవ్వడం కుదరలేదు. అమ్మకాన్ని ఆపిన నియమమే కానుకనూ ఆపింది, ఎందుకంటే ఆట లోపల రెండింటి రూపం ఒక్కటే. ఈ లోటును కొంతవరకైనా పూడ్చడానికి 2008లో వస్తువులను గడువుతో అరువిచ్చే ఏర్పాటు వచ్చింది.

ధరల మీద పరిమితి మరో పరిణామానికి దారితీసింది. సూచిక ధర నిజమైన గిరాకీకి వెనుకబడినప్పుడు, ఎవరూ కోరని సరుకును విలువ లెక్క సరిపోవడానికి మాత్రమే మార్పిడిలో కలపడం మొదలైంది. ఆటగాళ్లు దానిని ‘చెత్త’ అని పిలిచేవారు. అధికారిక ధర ఒకటి, వాస్తవ ధర మరొకటి ఉన్నచోట ఇలాంటి పరిణామమే జరుగుతుందని ఆర్థిక చరిత్రలో మీరు ఇదివరకే చూశారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
బ్యాంకుల ముందే సంతలు ఎందుకు ఏర్పడ్డాయి? నాలుగు వాక్యాలలో రాయండి.

5. ఓటు, పునరుద్ధరణ

మూడేళ్ల తర్వాత జాగెక్స్ ఈ విషయాన్ని ఆటగాళ్ల ముందే పెట్టింది. 2011 జనవరిలో ముగిసిన ఓటింగులో సుమారు 12 లక్షల ఓట్లు పోలయ్యాయి; 91 శాతం స్వేచ్ఛా మార్పిడిని, పాత వైల్డర్నెస్‌ను కోరాయి. 2011 ఫిబ్రవరి 1న రెండూ తిరిగి వచ్చాయి. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ ధరల పరిమితి కూడా తొలగిపోయింది.

అయితే పాత సమస్యలు కూడా వెంట వచ్చాయి. బాట్‌లు విపరీతంగా పెరగడంతో అదే ఏడాది అక్టోబరులో కంపెనీ వాటిని పెద్దఎత్తున తొలగించవలసి వచ్చింది. 2013లో బాండ్లు ప్రవేశపెట్టింది. నిజమైన డబ్బుతో కంపెనీ వద్ద బాండు కొన్నవారు దానిని ఆటలో నాణేలకు అమ్మవచ్చు; కొన్నవారు దానితో చందా కట్టుకోవచ్చు. పూర్తిగా ఆపలేని వ్యాపారంలో కొంత భాగాన్ని తన చట్రంలోకి తెచ్చుకునే మార్గాన్ని కంపెనీ ఎంచుకుంది.

6. రెండోసారి నడిచిన చరిత్ర

చరిత్ర విద్యార్థులకు ప్రయోగశాల ఉండదు. జరిగినదానిని వెనక్కి తిప్పి, మరోలా జరిగి ఉంటే ఏమయ్యేదో చూడలేము. ఈ ఆటలో దానికి కొంచెం దగ్గరగా వచ్చే సంఘటన జరిగింది. 2013 ఫిబ్రవరిలో జాగెక్స్ 2007 ఆగస్టు నాటి ఆట ప్రతిని ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ పేరుతో మళ్లీ తెరిచింది. అది ఆంక్షలకూ, గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌కూ ముందటి లోకం. ఇక్కడ ముఖ్యమైన మార్పులు ఆటగాళ్ల ఓటుతోనే వస్తాయి. 2015 ఫిబ్రవరిలో, ఓటింగు తర్వాత, అక్కడా గ్రాండ్ ఎక్స్ఛేంజ్ ఏర్పడింది. 2008 నాటి మార్పిడి ఆంక్షలు మాత్రం తిరిగి రాలేదు. అంటే కేంద్ర విపణి వల్ల కలిగే సౌకర్యాన్ని సమాజం అంగీకరించింది, ఇచ్చిపుచ్చుకునే స్వేచ్ఛను మాత్రం వదులుకోలేదు. అయితే ఈ ఓటర్లలో చాలామందికి మొదటి అనుభవం గుర్తుంది కనుక దీనిని శుద్ధమైన ప్రయోగంగా భావించకూడదు.

ఈ లోకపు నాణేలకు బయట ఎంత విలువ ఉండగలదో వెనిజులా చూపింది. అక్కడ ద్రవ్యోల్బణం తీవ్రమైన తర్వాత, కొందరు ఓల్డ్ స్కూల్‌లో పచ్చ డ్రాగన్లను వేటాడి, నాణేలు అమ్మి ఇల్లు గడుపుకున్నారు. కంపెనీ దృష్టిలో అది నియమ ఉల్లంఘన, వారికి అది కూలి. చరిత్రకారుడు ఈ రెండు దృక్కోణాలనూ నమోదు చేయాలి. 2021 డిసెంబరులో ఓల్డ్ స్కూల్ గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అమ్మకాలపై 1 శాతం పన్ను వచ్చింది. ఆ నాణేలతో విపణిలో పేరుకుపోయిన కొన్ని వస్తువులను కొని, ఆట నుంచి తొలగిస్తారు.

7. సారాంశం

శ్రమ విభజన, కొరత, నమ్మకం కలిసి రూన్‌స్కేప్‌లో విపణిని సృష్టించాయి. బయటి డబ్బును అడ్డుకోవడానికి 2007–08లో వచ్చిన ఆంక్షలు కానుకనూ, అమ్మకాన్నీ ఒకే గాటన కట్టాయి. చేతులు మారిన వస్తువును మాత్రమే చూసే నియమానికి ఇచ్చినవారి ఉద్దేశం కనిపించదు. అందుకే 2011 తర్వాత నియంత్రణ మార్పిడిని ఆపడం నుంచి ఓటింగు, బాండ్లు, పన్నుల వైపు మళ్లింది.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. 2007–08 ఆంక్షల కారణాలను, ఫలితాలను వివరించండి. (30 పంక్తులు)
2. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనుభవాన్ని చారిత్రక ప్రయోగంగా ఎంతవరకు భావించవచ్చు? (15 పంక్తులు)
3. మీకు తెలిసిన ఒక సంతలో కానుక, చేబదులు, అమ్మకం ఎలా వేరుగా గుర్తింపు పొందుతాయో పరిశీలించి రాయండి. (15 పంక్తులు)