పొట్ట కింద ఐదు జతలు

తెల్లారకముందే కాకినాడ కుంభాభిషేకం రేవులో ఉన్నారు మీరు. కాళ్ల కింద ఐసు నీళ్లు, గంపల నిండా రొయ్యలు. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పండి. పొట్ట కింద చిన్న చిన్న తెడ్లున్నాయి చూశారా? అవి గుర్తుంచుకోండి. మనమిప్పుడు తూర్పుగా, బంగాళాఖాతం అడుక్కి పోతున్నాం.

రెండొందల మీటర్లు దాటాక నీలం నలుపైపోయింది. ఐదొందల దగ్గర చలి. కింద మెత్తటి బురద మీద ఏదో కదిలింది. లైటు వెయ్యండి.

పిల్లి కళ్లలా రెండు కళ్లు భగ్గున మెరిశాయి. ఒక్కో కంట్లో మూడువేలకు పైగా సన్నని గదులు, వాటి వెనక అద్దంలాంటి పొర. పూలకుండీ ఎత్తితే ఉండ చుట్టుకుపోయే బూడిదరంగు పురుగు ఉంటుందే, దాని వంశమే ఇది. కానీ మీ మోచేతంత పొడవుంది. పేరు బాతినోమస్. రెండు జతల మీసాలు, ఏడు జతల కాళ్లు, వీపంతా ఒకదాని మీదొకటి ఎక్కిన పలకలు.

మెల్లగా వెల్లకిలా తిప్పండి. అసలు వింత ఇక్కడుంది. రొయ్యకి మొప్పలు తలపెంకు కింద దాగుంటాయి. దీనికి తోక దగ్గర తెడ్లలోనే, కొమ్మలు వేసిన కుచ్చుల్లా ఉన్నాయి. ఈదేదీ వాటితోనే, ఊపిరి పీల్చేదీ వాటితోనే. ఆడదైతే రొమ్ము కింద పలకలు కలిసి సంచీ అవుతాయి. గుడ్లు సెంటీమీటరు పైమాటే. పిల్ల ఆరు జతల కాళ్లతో బయటికొస్తుంది, ఏడోది తర్వాత మొలుస్తుంది.

పైనుంచి రాలిపడే చచ్చిన చేపల్లాంటివే దీనికి ముఖ్యమైన తిండి. అది ఎప్పుడు పడుతుందో తెలీదు, కాబట్టి ఓర్చుకుంటుంది. జపాన్‌లోని తోబా అక్వేరియంలో ఒకటి 2009 జనవరి తర్వాత ఏమీ తినకుండా 2014 ఫిబ్రవరి దాకా బతికింది.

మన సముద్రాల అడుగు గాలించిన ఇన్వెస్టిగేటర్ ఓడలో పనిచేసిన వైద్యుడు ఆర్.ఈ. లాయిడ్, దీన్ని కోసి లోపలి నిర్మాణమంతా 1908లోనే కలకత్తా ఇండియన్ మ్యూజియం సంపుటంలో రాశాడు. ఇన్నేళ్లయినా మన తీరంలో పిల్లలకి దీని పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పైకొచ్చేశాం, తెల్లారింది. ఈ ఆదివారం రొయ్యలు ఒలిచేటప్పుడు పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని ఆ తెడ్లు లెక్కపెట్టించండి. ఐదు జతలు. అడుగున ఉన్నదానికీ ఐదే.