కాపలావాడికి కాపలా

గోదావరికి పడమట ఎవరినైనా జైలు పేరు చెప్పి బెదిరించాలంటే చిప్పకూడు తినిపిస్తానంటారు. ఆ చిప్ప చాలాకాలం రాజమండ్రి చిప్పే. ఏలూరు 1859 నుంచి గోదావరి జిల్లాలో ఉండేది, 1904లో కృష్ణా జిల్లాలో కలిసింది, 1925లో పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణమైంది. పాలన ఇన్ని చేతులు మారినా ఈ ప్రాంతానికి పెద్ద జైలంటే 1864లో మొదలై 1870లో సెంట్రల్ జైలుగా మారిన రాజమండ్రి జైలే. దాని గురించి మన దగ్గర కథలకు కొదవ లేదు. దాదాపు అన్నీ ఖైదీల కథలే. అక్కడ ఉద్యోగం చేసినవాళ్ళు ఎలా బతకాలని సర్కారు అనుకుందో తెలియాలంటే 1894లో వచ్చిన తొమ్మిదో నంబరు చట్టం, ప్రిజన్స్ యాక్టు, తిరగేయాలి. తిరగేస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: ఖైదీ పారిపోతాడేమోనన్న భయం అందులో ఎంత ఉందో, జైలరూ వార్డరూ ఏం చేస్తారోనన్న అనుమానమూ అంతే ఉంది. ఈ అనుమానానికి మూలం డబ్బని నా వాదన. నమ్మదగ్గ మనుషుల్ని పెట్టుకోవడానికి కావలసిన జీతాలు ఇవ్వడం ఇష్టంలేని ప్రభుత్వం ఆ లోటును రూళ్ళతో పూడ్చాలని చూసింది.

జైలరు సంగతే చూడండి. జైల్లోనే కాపురం ఉండాలి, లేదా సూపరింటెండెంటు రాసిచ్చి ఒప్పుకున్న చోట. ఇన్‌స్పెక్టర్ జనరల్ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే మరో కొలువు పెట్టుకోకూడదు. చేతిలో అనుమతి కాగితం లేకుండా ఒక్క రాత్రి కూడా జైలు విడిచి ఉండకూడదు. తప్పనిసరై ఉండిపోతే ఆ సంగతీ దానికి కారణమూ వెంటనే పైకి తెలపాలి. కోర్టు వారంట్లకీ, రికార్డులకీ, ఖైదీల దగ్గర తీసి ఉంచిన డబ్బుకీ వస్తువులకీ అతనిదే పూచీ. ఏ ఉద్యోగీ ఖైదీకి ఏదీ అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, బినామీ పేరుతో కూడా డబ్బు లావాదేవీ పెట్టుకోకూడదు. కింది ఉద్యోగి రూలు తప్పితే 200 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా ఖైదు, లేదా రెండూ. వార్డరు బతుక్కి 200 రూపాయలంటే నెలల తరబడి జీతం. ఇక గేటు. లోపలికొచ్చే వస్తువునీ బయటికి పోయే వస్తువునీ గేటు కాపలాదారు విప్పి చూడొచ్చని, అనుమానం కలిగిన మనిషిని ఆపి సోదా చేయొచ్చని, ఏదైనా దొరికితే తక్షణం జైలరుకు చెప్పాలని 21వ సెక్షను. జైలు ఆస్తి బయటికి పోతుందేమోనన్న చింత కూడా ఆ సెక్షన్లోనే ఉంది. ఆ గేటు గుండా రోజూ వచ్చిపోయేది ఖైదీ కాదు కదా! లోపలికి దొంగతనంగా పోయేవాటిలో ముఖ్యమైనది పొగాకు. గోదావరి లంకల్లో బహిరంగంగా పండి, ఊరూరా చుట్టలై కాలే ఆకు ఈ గోడ దాటితే నేరం. ఆ నేరానికి ఆరు నెలల దాకా ఖైదని జైలు గోడ బయట ఇంగ్లీషులోనూ దేశభాషలోనూ బోర్డు పెట్టాలి. చుట్ట ముక్క విలువ లోపల ఎన్ని రెట్లు పెరుగుతుందో, ఆ లాభం ముందు వార్డరు జీతం ఎంత వెలవెలబోతుందో ఆ సెక్షన్లు రాసినవాళ్ళకు బాగానే తెలుసు.

ఇదంతా ఖైదీ మేలు కోసమే కదా అని ఎవరైనా అడగవచ్చు. కొంతవరకు నిజమే. ఉద్యోగి ఖైదీతో వ్యాపారం చేయకూడదన్న తొమ్మిదో సెక్షను లేకపోతే లోపలున్నవాడి కుటుంబం నిలువుదోపిడీ అయ్యేది. కష్టపడి పనిచేసే ఖైదీని పదిహేను రోజులకొకసారైనా తూచి, ఆ బరువు అతని హిస్టరీ టిక్కెట్టు మీద ఎక్కించాలన్నది మంచి రూలు. ఇరవై నాలుగు గంటలు దాటి సెల్లులో ఒంటరిగా ఉంచితే డాక్టరో అతని కింది ఉద్యోగో రోజుకొకసారి వెళ్ళి చూడాలన్నదీ మంచిదే. ఆడ ఖైదీని మేట్రన్ తప్ప మరొకరు సోదా చేయకూడదన్నదీ అంతే. అయితే ఇదే చట్టం బెత్తంతో ముప్పై దెబ్బల దాకా కొట్టించవచ్చనీ అంటుంది. ఆ బెత్తం మందం అర అంగుళానికి తగ్గకూడదని కొలత కూడా చెబుతుంది. కొట్టే ముందు ఈ మనిషి తట్టుకోగలడని డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి, కొట్టేటప్పుడు సూపరింటెండెంటుతో పాటు డాక్టరో అతని కింది ఉద్యోగో పక్కన నిలబడాలి. అప్పట్లో చాలా జిల్లా జైళ్ళలో డాక్టరూ సూపరింటెండెంటూ ఒకరే, సివిల్ సర్జనే. వైద్యం చేసే చెయ్యీ శిక్ష రాసే చెయ్యీ ఒకటైనప్పుడు రెండు సంతకాల వల్ల వచ్చే రక్షణ ఎంత? శిక్షల పుస్తకంలో ప్రతి పద్దు ఎదుటా జైలరూ సూపరింటెండెంటూ పొడి అక్షరాలు వేయాలి. పద్దు సరిగ్గా ఉందనడానికి అదే రుజువు. పై అధికారి తనిఖీకి వస్తే చూసేది ఆ అక్షరాలనే. దెబ్బలు తిన్నవాడి ఒళ్ళు ఈలోగా మానిపోయి ఉంటుంది.

ఇంకో అభ్యంతరం మరింత గట్టిది. ఈ రూళ్ళు మన కోసం ప్రత్యేకంగా రాసినవి కావు, ఇంగ్లండు జైళ్ళలోనూ ఇవే ఉండేవి కాబట్టి వలస పాలనను ఇందులోకి లాగడం అన్యాయం అనవచ్చు. తొమ్మిదో సెక్షను అచ్చంగా ఇంగ్లండు నుంచి దిగుమతైనదే, ఒప్పుకుంటాను. 1865 నాటి ఇంగ్లీషు జైలు చట్టంలో దాదాపు అవే మాటలున్నాయి. కానీ అదే 1865 చట్టంలో మరో రూలుంది: జైలు క్రమశిక్షణ పనిలో గాని, ఉద్యోగి సొంత పనిలో గాని ఏ ఖైదీనీ వాడకూడదు. ఇక్కడికొచ్చేసరికి అది తలకిందులైంది. 1894 చట్టం 23వ సెక్షను ప్రకారం జైలు అధికారులుగా నియమించిన ఖైదీలు శిక్షాస్మృతి దృష్టిలో ప్రభుత్వ సేవకులు. అంటే నిన్నటి దొంగో హంతకుడో ఇవాళ బెల్టు కట్టి సాటి ఖైదీల మీద పెత్తనం చేస్తాడు, రాత్రి బారకాసుల్లో కాపలా తిరుగుతాడు. అతణ్ణి ఎదిరించడమంటే సర్కారు నౌకరును ఎదిరించడమే. అక్కడ నిషేధించినదాన్ని ఇక్కడ చట్టబద్ధం చేయడానికి వాతావరణమో ప్రజల స్వభావమో కారణమని ఆ కాలపు అధికారులు ఎంత చెప్పినా, అసలు సంగతి లెక్కల పుస్తకంలో ఉంది: కన్విక్ట్ వార్డరుకు జీతం లేదు. శిక్ష కొంత తగ్గించి, కొన్ని సౌకర్యాలిస్తే చాలు. మంచి నడవడి ఉన్న ఖైదీకి బాధ్యత ఇస్తే అతను బాగుపడతాడన్న వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కాకపోతే జీతం తీసుకునే వార్డరునే గేటు దగ్గర ఆపి సోదా చేయవలసినంత అనుమానం ఉన్నచోట, జీతం లేని ఖైదీ చేతికి పెత్తనం ఇచ్చి, ఇది సంస్కరణ అంటే నమ్మడం కష్టం.

ఏలూరికి ఈ చట్టంతో ఇంకో వైపు నుంచి కూడా బంధుత్వం ఉంది. ఈ ఊరి తివాచీలు పేరుపడినవి. అదే కాలంలో దేశంలోని చాలా జైళ్ళు ఖైదీల చేత తివాచీలు నేయించి అమ్మేవి. మద్రాసు రాజధానిలో వెల్లూరు జైలు తివాచీలకు గిరాకీ ఉండేది. జైలు తివాచీలు చవకగా బజారులోకి వచ్చి పాత పనితనాన్ని చెడగొడుతున్నాయని 1880లోనే జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ కళల మీద రాసిన పుస్తకంలో మండిపడ్డాడు. జైలు కార్ఖానా అయితే జైలరు కార్ఖానా మేనేజరవుతాడు: నూలు కొనాలి, సరుకు అమ్మాలి, లెక్క చూపాలి. అందుకే జైలుకు సరుకులు వేసే కాంట్రాక్టులో ఏ ఉద్యోగికీ వాటా ఉండకూడదని, జైలు తరఫున జరిగే అమ్మకం కొనుగోళ్ళలో అతనికి ఏ లాభమూ రాకూడదని పదో సెక్షను పెట్టాల్సి వచ్చింది. మనిషిని వ్యాపారంలో కూర్చోబెట్టి వ్యాపారబుద్ధి పనికిరాదనడం పాలకులకు వింతగా తోచలేదు.

పెద్ద జైలు సంగతి అలా ఉంటే, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు సర్కారు ఖైదు మొదట కనిపించేది సబ్ జైలు రూపంలోనే. తాలూకా కచేరీ ఆవరణలో రెండు మూడు గదులు, ముందు ఊచలు, బయట తుపాకీతో కానిస్టేబులు. విచారణ ఖైదీలూ కొద్దిరోజుల శిక్ష పడ్డవాళ్ళూ అక్కడ ఉండేవారు. దానికి ప్రత్యేకంగా జైలరు ఉండేవాడు కాదు. తహసీల్దారో సబ్ మేజిస్ట్రేటో తన మిగతా పనులతో పాటు దాని అజమాయిషీ కూడా చూసేవాడు. శిస్తు వసూలు, ఖజానా, కేసుల విచారణ, ఆపైన జైలు! పెద్ద జైల్లో ఒకరి మీద ఒకరిని నిఘా పెట్టడానికి సూపరింటెండెంటు, డాక్టరు, జైలరు అని పనులు పంచిన చట్టం, ఇక్కడ ఆ పనులన్నీ ఒకే కుర్చీలో కుప్పపోసింది. ఒంటరి అధికారి సక్రమంగా నడిపినచోట సబ్ జైలు సక్రమంగానే నడిచి ఉంటుంది. అతను నడపకపోతే పట్టుకునేవాడు ఆవరణలో మరొకడు లేడు. అనుమానం కూడా ఖర్చుతో కూడినదే, దాన్ని కూడా చిన్న జైళ్ళకు మంజూరు చేయలేదు.

రూళ్ళ ప్రతులను ఉద్యోగులందరూ చూడగలిగేచోట ఇంగ్లీషులోనూ దేశభాషలోనూ పెట్టాలని 61వ సెక్షను. అది ఉద్యోగుల కోసమే, ఆ వాక్యంలో ఖైదీ మాట లేదు. చదువురాని ఖైదీల మధ్య ఇది ఎవరికీ లోటుగా తోచి ఉండదు. సహాయ నిరాకరణ రోజుల్లో పాట రాసినందుకు గరిమెళ్ళ సత్యనారాయణ, ఉపన్యాసాలిచ్చినందుకు దువ్వూరి సుబ్బమ్మ రాజమండ్రి జైలుకు వచ్చాక సంగతి మారింది. వాళ్ళు చదవగలరు, అడగగలరు, బయటికొచ్చి చెప్పగలరు. కాపలావాడి మీద కాపలా అనేది పై అధికారి ఒక్కడి చేతిలో ఉన్నంతకాలం అది రిజిస్టర్లలో ఉండిపోయింది. లోపలున్నవాడే సాక్షి కాగలిగినప్పుడు దానికి మొదటిసారి కాస్త పదును వచ్చింది. అంతకు కాస్త ముందు, 1919–20లో, మద్రాసు సివిలియన్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన కూర్చున్న జైళ్ళ కమిటీ చెప్పిందీ దాదాపు ఇదే రోగం గురించి: వార్డర్ల జీతాలు పెంచండి, ఖైదీల పెత్తనం తగ్గించండి, ఖైదీని బాగుచేయడం కూడా జైలు పనేనని గుర్తించండి. జైళ్ళు అప్పటికి రాష్ట్రాల బడ్జెట్ల మీద పడ్డాయి. సూచనలన్నిటిలోకీ ఖరీదైనది జీతాల పెంపే. స్వాతంత్ర్యం తర్వాత 1979లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన జైళ్ళకు కొత్త రూళ్ళు చేసుకున్నప్పుడు కూడా వాటికి ఆధారం ఈ 1894 చట్టమే, 23వ సెక్షనుతో సహా.