అవయవ మార్పిడి తర్వాత పిల్లల్లో ఫంగస్ ఇన్ఫెక్షన్లు

కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా పిల్లలకు టాక్రోలిమస్, స్టెరాయిడ్ల వంటి మందులు ఇస్తారు. అవి రోగనిరోధక శక్తిని అణచడంతో, మామూలుగా హాని చేయని శిలీంధ్రాలు రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి చొరబడతాయి. ఎక్కువగా కనిపించేది కాండిడా. ఊపిరితిత్తుల మార్పిడిలో మాత్రం ఆస్పర్జిల్లస్ బెడద పెద్దది. అయితే మందులనే తప్పుపడితే సగం సంగతి చెప్పినట్టే. దాదాపు అవే మందులు వాడే కిడ్నీ మార్పిడి పిల్లల్లో ఈ ఇన్ఫెక్షన్లు తక్కువ. చిన్నపేగు, కాలేయ మార్పిడుల్లో బాగా ఎక్కువ. తేడా చాలావరకు ఆపరేషన్‌లోనే ఉంది. పిల్లల్లో కాలేయ మార్పిడికి ప్రధాన కారణం బైలరీ అట్రీషియా, అంటే పసితనంలోనే పైత్యనాళాలు మూసుకుపోవడం. చాలామందికి అప్పటికే పైత్యం పారేలా పేగును కాలేయానికి కలిపే కసాయ్ ఆపరేషన్ జరిగి ఉంటుంది. కడుపులో అతుక్కుపోయిన పేగులను విడదీసుకుంటూ వెళ్లి, కొత్త కాలేయపు పైత్యనాళాన్ని నేరుగా పేగుకే కలుపుతారు. పేగులో కాపురముండే కాండిడాకు అదే దారి. పైత్యం కారినా, మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చినా, పెద్ద నరంలో పెట్టే గొట్టాన్ని (సెంట్రల్ లైన్) రోజుల తరబడి ఉంచినా ముప్పు పెరుగుతుంది.

కాబట్టి ఫంగస్ నివారణ మందు అందరికీ కాక, ముప్పును బట్టి ఇవ్వడమే సబబు. దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. లోతుగా పాకిన కాండిడాను రక్తం కల్చర్ సుమారు సగం సార్లే పట్టిస్తుంది. పసిపిల్లల నుంచి తీయగలిగే రక్తమూ కొద్దే. ఆస్పర్జిల్లస్ సోకిన పెద్దవాళ్ల సీటీ స్కాన్‌లో కనిపించే గుర్తులు పిల్లల్లో తరచూ కనిపించవు. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది గనక ముందే అందరికీ ఇచ్చేస్తే పోలేదా అంటారు. ఈ వాదన మందు వల్ల వచ్చే నష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. ఫంగస్ మందులైన ఫ్లూకోనజోల్, వోరికోనజోల్ టాక్రోలిమస్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. వోరికోనజోల్ మొదలుపెడితే టాక్రోలిమస్‌ను మూడో వంతుకు తగ్గించాలి, లేదంటే కిడ్నీలు దెబ్బతింటాయి. ఆపాక తిరిగి పెంచడంలో ఏమరితే తిరస్కరణే. పైగా పిల్లల శరీరం వోరికోనజోల్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. నరం ద్వారా కొనసాగించే మోతాదు పెద్దలకు పూటకు కిలోకు 4 మిల్లీగ్రాములైతే 2–11 ఏళ్లవాళ్లకు 8. అయినా రక్తంలో స్థాయి చూడకుండా నమ్మలేం. ఈ పేచీ పెద్దగా లేని మైకాఫంగిన్, కాస్పోఫంగిన్‌లను నరం ద్వారానే ఎక్కించాలి. ఇంటికి పంపే బిడ్డకు అది కష్టం.

న్యూమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఫంగస్ సంగతి వేరు. దాని ముప్పు ఏ అవయవం మార్చినా ఉంటుంది. నివారణకు వాడే కోట్రైమోక్సజోల్ చవకైనది, టాక్రోలిమస్ స్థాయిని పెద్దగా కదపదు. అందుకే మొదటి నెలల్లో దాన్ని దాదాపు అందరు పిల్లలకూ ఇస్తారు.