మఖమల్ మీద పద్నాలుగు కలలు

అహ్మదాబాద్‌లో 1949లో పెట్టిన కాలికో మ్యూజియానికి నేను వెళ్లింది పటోలా చీరల మోజుతో. తీరా కాళ్లు ఆగిపోయింది జైనుల జర్దోజీ, అంటే జరీ దారపు కుట్టుపని దగ్గర.

గుజరాత్‌లో జైన సాధువులు బస చేసే ఉపాశ్రయాల్లో, సాధువు కూర్చునే చోట వెనక వేలాడే తెర పూఠియా, తలపైన కట్టేది చందర్వో. కఠినమైన ఉపవాస దీక్ష ముగిశాక ఉద్యాపన చేసుకుని, ఇలాంటివి కుట్టించి సమర్పించేవారు. మఖమల్ మీద మహావీరుడి తల్లి త్రిశలాదేవి కన్న కలలు: ఏనుగు, ఎద్దు, సింహం, లక్ష్మి, పూలదండలు... పద్నాలుగుంటే శ్వేతాంబరులవి, దిగంబరుల లెక్క పదహారు. తెల్లబట్ట కట్టి, దాదాపు ఏమీ ఉంచుకోని సన్యాసి వెనక ఇంత బంగారు మెరుపా అనిపిస్తుంది. ఆ ఆర్భాటం దాతది, ఆయనది కాదు. కుట్టిన చేతులు చాలాసార్లు ముస్లిం కారీగర్లవి, అంటే పనివాళ్లవి. వాళ్ల పేర్లు మాత్రం అరుదు.

దాత పేరు, విక్రమ సంవత్సరం కొన్నిటిపై దారంతోనే రాసి ఉంటాయి. ఆ సంవత్సరంలోంచి 57 తీసేస్తే దాదాపు మన క్రీస్తుశకం వస్తుంది. పాత జరీలో వెండి ఉండటమే దానికి శాపం, కరిగించి అమ్మేస్తారు. మన వీధుల్లోనూ పాత పట్టుచీరలు కొనేవాళ్లు తిరుగుతారుగా! అమ్మేముందు ఒక్కసారి అంచులు తిప్పి, పేరో ఏడాదో ఉందేమో చూడండి, ఫొటో అయినా తీసి ఉంచండి.