మెడ నిలిపిన నెల, అడుగు వేసిన నెల
పసిపిల్లల ఎదుగుదల పట్టిక పుట్టుపూర్వోత్తరాలు

పిల్లల వార్డులో కేసు తీసుకునే ఎంబీబీఎస్ విద్యార్థి జ్వరం, దగ్గు, విరేచనాల సంగతి రాసుకున్నాక తప్పకుండా ఇంకో వరస అందుకుంటాడు. ‘‘మెడ ఎప్పుడు నిలిపాడమ్మా? బోర్లా ఎప్పుడు పడ్డాడు? ఎప్పుడు కూర్చున్నాడు?’’ తల్లి నెలల్లో చెప్పదు. ‘‘సంక్రాంతికి బోర్లా పడ్డాడు సార్, ఉగాదికి కూర్చున్నాడు’’ అంటుంది. విద్యార్థి పుట్టినరోజు అడిగి, వేళ్ల మీద లెక్కేసి, షీటులో 5 నెలలు, 8 నెలలు అని రాసి, పట్టికతో పోల్చుకుంటాడు.

ఆ పట్టిక అతనికి కంఠస్థం. రెండో నెలకు పలకరిస్తే నవ్వు, మూడుకు మెడ నిలపడం, ఐదుకు బోర్లా పడటం, ఎనిమిదికి ఆసరా లేకుండా కూర్చోవడం, తొమ్మిదికి పట్టుకుని నిలబడటం, ఏడాదికి అర్థమున్న మాట ఒకటో రెండో, పదిహేను నెలలకల్లా సొంత నడక. వైవాలో ఒక్క నెల తప్పు చెప్పినా ఎగ్జామినరు కళ్లెర్రజేస్తారు. ఇంతకీ ఈ నెలలు ఎవరు లెక్కగట్టారు? ఏ ఊరి పిల్లల్ని చూసి గట్టారు? సమాధానం తెలిస్తే పట్టికను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

వరస ఉంది, గడువు లేదు

ఈ దశల్ని గుర్తుపట్టడానికి తెలుగు ఇళ్లు ఏ డాక్టరు కోసమూ ఆగలేదు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలికితే చిలకలు పంచడం ఆనవాయితీ. ఊరినిబట్టి, ఇంటినిబట్టి వంటకం మారుతుంది కానీ పద్ధతి అదే. వైద్య పుస్తకంలో ఉన్న వరస చాలావరకు ఇందులో ఉంది: నవ్వు ముందు, ఒళ్లు తిప్పడం తర్వాత, కూర్చోవడం, పాకడం, ఆపైన నడక. లేనిదల్లా నెల. బిడ్డ ఏ నెలలో బోర్లా పడితే ఆ నెలలోనే బొబ్బట్లు.

గడువు పెట్టిన పాత గ్రంథం మాత్రం ఒకటి ఉంది. ఆయుర్వేదంలో శిశువైద్యానికి ప్రధానమైన కాశ్యప సంహిత, ఏడాది నిండినా కాళ్ల మీద నడవని బిడ్డకు ‘ఫక్క’ రోగం ఉన్నట్టు అంటుంది. దానికి మూడు కారణాలు చెబుతుంది. తల్లిపాలు చెడటం ఒకటి, తల్లి మళ్లీ కడుపుతో ఉండటం వల్ల చంటిబిడ్డకు పాలు తగ్గడం రెండోది, జబ్బు చేయడం మూడోది. చికిత్సలో భాగంగా నడక నేర్పడానికి మూడు చక్రాల బండిని కూడా సూచిస్తుంది. నేపాల్‌లో దొరికిన రాతప్రతి ఆధారంగా ఈ గ్రంథం 1938లో అచ్చయింది. ఏడాది అన్న గడువు ఇప్పటి లెక్కల ప్రకారం మరీ కటువు. కారణాల జాబితా అలా కాదు. పోషణ ఎలా ఉంది, కాన్పుల మధ్య ఎడమెంత, వెనక ఏం జబ్బులు చేశాయి అని ఇవాళ్టి కేసు షీటు కూడా అడుగుతుంది.

నాన్నల నోటుపుస్తకాలు

యూరప్‌లో ఈ పని తండ్రుల డైరీలతో మొదలైంది. జర్మన్ తత్వవేత్త డీట్రిష్ టీడెమన్ 1781లో పుట్టిన తన కొడుకు ఎదుగుదలను గమనించి, ఆ వివరాలను 1787లో ప్రచురించాడు. ఆ కొడుకు ఫ్రీడ్రిష్ పెద్దయ్యాక పేరున్న శరీరనిర్మాణ శాస్త్రవేత్త అయ్యాడు.

చార్లెస్ డార్విన్ పెద్దకొడుకు విలియం 1839 డిసెంబరులో పుట్టాడు. తుమ్ము, ఎక్కిళ్లు, ఆవులింత, చీకడం మొదటి వారంలోనే ఉన్నాయని డార్విన్ రాసుకున్నాడు. ఏడో రోజున కాగితం ముక్కతో అరికాలు తాకితే బిడ్డ కాలు వెనక్కి లాక్కుని వేళ్లు ముడిచాడు. తొమ్మిదో రోజుకే చూపు కొవ్వొత్తి మీద నిలిచింది. ఏడాది వయసుకు తిండి కోసం ‘మమ్’ అని సొంతంగా ఒక మాట కల్పించుకున్నాడు. ఈ నోట్సు చాలా ఏళ్లు పక్కన పడి ఉంది. ఫ్రెంచి రచయిత ఇపొలిట్ టేన్ తన కూతురి గురించి రాసిన వ్యాసం ‘మైండ్’ పత్రికలో చూశాక, డార్విన్ దాన్ని బయటికి తీసి 1877లో అదే పత్రికలో అచ్చువేయించాడు.

ఆ తర్వాత జెనా నగరంలో ఫిజియాలజీ ఆచార్యుడు విల్హెల్మ్ ప్రేయర్ కొడుకు ఆక్సెల్‌ను రోజుకు మూడు పూటలా క్రమం తప్పకుండా గమనించి, 1882లో పెద్ద పుస్తకమే వేశాడు. కాలిఫోర్నియాలో మిలిసెంట్ షిన్ తన సోదరుడి కూతురి మీద అంతే శ్రద్ధగా నోట్సు రాసి 1893 నుంచి ప్రచురించింది. చూపు నిశితమైనదే. కానీ ప్రతి పుస్తకంలోనూ ఉన్నది ఒక్క బిడ్డ. ఆ బిడ్డ త్వరగా నడిచిందా, ఆలస్యంగా నడిచిందా చెప్పాలంటే పక్కన ఇంకో వందమంది కావాలి.

న్యూహేవెన్ గుమ్మటం

ఆ వందల మందిని పోగుచేసినవాడు ఆర్నాల్డ్ గెసెల్. 1911లో న్యూహేవెన్‌లోని యేల్ విశ్వవిద్యాలయంలో పిల్లల క్లినిక్ తెరిచాడు. అప్పటికే మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు ఉన్నా, పిల్లల ఒళ్లు కూడా తెలియాలని వైద్యం చదివి 1915లో ఎండీ పట్టా తీసుకున్నాడు. అతని ప్రయోగశాలలో పేరుపడింది ఒక గుమ్మటం. సన్నని జాలీతో కట్టి, లోపలివైపు తెల్లరంగు వేశారు. లోపల వెలుతురు, బయట చీకటి. బయట కూర్చున్నవాళ్లకు బిడ్డ కనిపిస్తుంది, బిడ్డకు వాళ్లు కనిపించరు. వంపు తిరిగిన పట్టాల మీద సినిమా కెమెరాలు అటూ ఇటూ జరుగుతూ బిడ్డను చిత్రీకరించేవి.

బిడ్డ ముందు పెట్టే వస్తువు అంగుళం కొలతగల ఎర్ర ఘనం. నాలుగైదు నెలల బిడ్డ దాని మీదికి అరచెయ్యంతా వేస్తాడు. ఆరేడు నెలలకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటాడు. దాని బదులు చిన్న గుళిక పెడితే, ముందు గుప్పిటతో గీరుతాడు. తొమ్మిది పది నెలలకు బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏరుతాడు. మన ఇళ్లలో నేలమీద పడిన మరమరాన్ని పాకే బిడ్డ ఏరి నోట్లో పెట్టుకునేది ఈ పట్టుతోనే. పరీక్షలో ‘పిన్సర్ గ్రాస్ప్’ అని రాసేది ఇదే.

చేతలను గెసెల్ నాలుగు పాయలుగా విడదీశాడు. ఒళ్లు కదపడం, చేతితో పరిస్థితికి తగ్గట్టు పనిచేయడం, భాష, మనుషులతో మెలగడం. విద్యార్థులు నేటికీ గ్రాస్ మోటార్, ఫైన్ మోటార్, లాంగ్వేజ్, సోషల్ అని రాసే నాలుగు గళ్లకు మూలం ఇదే. బిడ్డ చేస్తున్న పనుల వయసును అసలు వయసుతో భాగించి వందతో గుణించే డెవలప్‌మెంటల్ కోషెంట్ కూడా ఇక్కడినుంచే వాడుకలోకి వచ్చింది. ఇరవై నెలల బిడ్డ పన్నెండు నెలల బిడ్డ పనులే చేస్తే అది 60. డెబ్బైకి తగ్గితే వెనకబాటు అంటారు.

గెసెల్ దృష్టిలో ఎదుగుదల లోపలి గడియారం. 1929లో అతను, హెలెన్ థాంప్సన్ కలిసి కవల ఆడపిల్లల్లో ఒకరికి 46వ వారం నుంచి ఆరు వారాలు మెట్లెక్కడం నేర్పారు. రెండో అమ్మాయికి అప్పుడేమీ నేర్పలేదు. 53వ వారానికి ఆమె తనంతట తానే మెట్లెక్కింది. రెండే వారాల శిక్షణతో మొదటి అమ్మాయిని దాదాపు అందుకుంది. నరాలు పండితే నడక అదే వస్తుందన్న నమ్మకానికి ఇది బలమిచ్చింది. గెసెల్ లెక్కలు మాత్రం న్యూహేవెన్ మధ్యతరగతి తెల్ల కుటుంబాల పిల్లలవే. అవి ‘పిల్లలందరి’ లెక్కలుగా పాఠ్యపుస్తకాలకెక్కాయి.

హోపీ పల్లె, టెహ్రాన్ అనాథాశ్రమం

వేన్ డెన్నిస్ అనే ఒకే పరిశోధకుడు గెసెల్ నమ్మకాన్ని మొదట బలపరిచాడు, తర్వాత దెబ్బతీశాడు. అరిజోనాలోని హోపీ తెగవాళ్లు పసిబిడ్డను పలకకు కట్టి పడుకోబెట్టేవాళ్లు. అలా కట్టిన పిల్లలూ, కట్టని పిల్లలూ దాదాపు ఒకే వయసులో నడిచారని 1940లో భార్యతో కలిసి ప్రచురించాడు. ఇరవై ఏళ్ల తర్వాత టెహ్రాన్ అనాథాశ్రమాలకు వెళ్లాడు. పగలంతా ఉయ్యాల మంచాల్లో వెల్లకిలా పడి ఉండి, ఎత్తుకునే దిక్కులేని పిల్లల్లో సగానికి పైగా రెండో ఏట కూడా కూర్చోలేదు. మూడో ఏట నడిచేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, బోర్లా పడుకోబెట్టి చూసుకున్న ఇంకో ఆశ్రమంలో పరిస్థితి చాలా మెరుగు. పలకకు కట్టిన హోపీ బిడ్డకు అమ్మ ఉంది. ఇక్కడ లేనిది అదే.

కెన్యాలోని కిప్సిగిస్ తల్లులు ఇంకో సంగతి చూపించారు. నేలలో చిన్న గుంట తవ్వి, చుట్టూ దుప్పటి పేర్చి, బిడ్డకు కూర్చోవడం నేర్పుతారు. నడక కూడా పనిగట్టుకుని నేర్పుతారు. వాళ్ల పిల్లలు అమెరికా పిల్లలకంటే ముందే కూర్చుంటారు, నడుస్తారు. నేర్పని విద్యల్లో ముందు ఉండరు. చార్లెస్ సూపర్ 1976లో దీన్ని ప్రచురించాడు. వరస లోపలిదే కావచ్చు. నెలను మాత్రం పెంపకం అటూ ఇటూ జరుపుతుంది.

గీత పోయి పట్టీ వచ్చింది

1967లో అమెరికాలోని డెన్వర్‌లో ఫ్రాంకెన్‌బర్గ్, డాడ్స్ 1,036 మంది పిల్లల్ని చూసి 105 పనులతో ఒక చార్టు తయారుచేశారు. ఒక్కో పనికి ఒక నెల బదులు ఒక అడ్డపట్టీ గీశారు. ఎడమ కొస దగ్గర నూటికి 25 మంది, కుడి కొస దగ్గర 90 మంది ఆ పని చేయగలరు. బిడ్డ పట్టీ లోపల ఉంటే తొందర లేదు. కుడి కొస దాటితే ఆరా తీయాలి.

మన దేశంలో ప్రమీలా ఫాటక్ బరోడా పిల్లల మీద నాన్సీ బేలీ రూపొందించిన ఎదుగుదల కొలమానాన్ని పరీక్షించి, భారతీయ లెక్కలు కట్టింది. బరోడా లెక్కల్లోంచి 17 పనులు ఏరి 1991లో తిరువనంతపురంలో ఎం.కె.సి. నాయర్ బృందం ఒక చార్టు వేసింది. బిడ్డ వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెట్టాలి. దానికి ఎడమవైపు ఉన్న పనుల్లో ఏది చేయకపోయినా పెద్దాసుపత్రికి పంపాలి. అంగన్‌వాడీ టీచరు సైతం కొద్ది నిమిషాల్లో చేయగలిగే పరీక్ష ఇది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులతో పాటు ఎదుగుదల వెనకబాటును కూడా వెతకాల్సిన వాటిలో చేర్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ‘కిటికీలు’, అంటే ఒక్కో పనికి మామూలు వయసు హద్దులు, ఇంకా విశాలం. ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లల్ని వరసగా గమనించారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు జరిగినా మామూలే. నూటికి నలుగురు అసలు చేతులూ మోకాళ్ల మీద పాకనే లేదు. 2022లో అమెరికా సీడీసీ తన జాబితా సవరించినప్పుడు పాకడాన్ని తీసేసింది; మిగతా వాటికి కూడా సగం మంది చేసే వయసు బదులు నూటికి 75 మంది చేసే వయసు పెట్టింది.

వార్డులో దీని ఉపయోగం

కాబట్టి పదమూడో నెలలో నడవని బిడ్డ తల్లిని భయపెట్టడం తప్పు. నెల తక్కువలో పుట్టిన బిడ్డకైతే రెండేళ్లు వచ్చేదాకా లెక్క సవరించాలి. 32 వారాలకే పుట్టి ఇప్పుడు పది నెలలున్న పాప నుంచి ఎనిమిది నెలల పనులే ఆశించాలి. నాలుగు పాయల్లో ఒక్కటే వెనకబడితే ఒక ఆలోచన, నాలుగూ వెనకబడితే ఇంకొక ఆలోచన. మాట ఒక్కటే రాకపోతే ముందు చెవి పరీక్ష చేయించాలి. చెవుడున్న పసిబిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది, అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. ఏడాది లోపే ఒక్క చేతినే వాడుతుంటే కుడిచేతి వాటమని మురిసిపోకూడదు. రెండో చెయ్యి బలహీనంగా ఉందేమో చూడాలి. కష్టమైన కాన్పుకూ, తర్వాత కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడానికీ ఉన్న సంబంధాన్ని లండన్‌లో విలియం లిటిల్ 1861లోనే వివరించాడు. ఇవాళ మనం సెరిబ్రల్ పాల్సీ అనేది దాన్నే.

ఏ కిటికీలోనూ ఇమడనిది ఒకటుంది: వచ్చిన విద్య పోవడం. కూర్చునే బిడ్డ కూర్చోవడం మానేస్తే, నవ్వే బిడ్డ ముఖం చూడటం మానేస్తే, ఏ నెలలో జరిగినా అది జబ్బే. బీ12 లేని తల్లిపాల మీదే ఏడాదిదాకా పెరిగిన బిడ్డ నల్లబడి, నీరసించి, వణుకుతూ నేర్చినవన్నీ మరిచిపోవడం మన వార్డుల్లో చూసేదే. ఆ విటమిను ఇస్తే చాలావరకు తేరుకుంటుంది. తట్టు సోకిన కొన్నేళ్లకు బడికెళ్లే పిల్లవాడు మెల్లగా చదువు, నడక కోల్పోయే జబ్బుకు మాత్రం నయం చేసే మందు లేదు. దాన్ని ఆపగలిగేది ముందే వేయించిన టీకా.

పట్టిక ఆలస్యంగా కనిపెట్టే జబ్బులు కూడా ఉన్నాయి. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న బిడ్డ మెడ నిలపలేదని మూడో నాలుగో నెలలో గుర్తించేసరికే మెదడుకు కొంత నష్టం జరిగిపోతుంది. అందుకే దాన్ని పుట్టిన మొదటి రోజుల్లోనే నాలుగు చుక్కల రక్తంతో పట్టుకోవాలి. నెలలు బట్టీపట్టిన విద్యార్థి వైవా గట్టెక్కుతాడు. ఏ బిడ్డ విషయంలో నెలరోజులు ఆగవచ్చో, ఏ బిడ్డ విషయంలో ఆ సాయంత్రమే పరీక్షలు రాయాలో తేల్చుకోగలిగినవాడు డాక్టరవుతాడు.