మాలిష్ చదువా? – ఫిజియోథెరపీ చరిత్ర, అందులో మన చోటు



పోస్టు కొంచెం పొడుగే. ఇంటర్ బైపీసీ అయిపోయి ఏ కోర్సులో చేరాలా అని చూస్తున్నవాళ్లు, ఇంట్లో అమ్మానాన్నలకు నచ్చజెప్పాల్సినవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మేము హాస్టల్లో ఉండి ఫిజియోథెరపీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదట. పండక్కి ఊరికి పోతే పెద్దోళ్లు అడిగేవి మూడు ప్రశ్నలు. డాక్టర్ చదువా? కాదు. నర్సు చదువా? కాదు. మరేంది, మాలిషా? ఈ మూడో ప్రశ్న మన గూడెంలో పుట్టింది కాదు. నూట ముప్పై ఏళ్ల కింద లండన్‌లో కూడా ఇదే మాట అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పే క్రమంలోనే ఈ చదువు నిలబడింది. ఆ కథ మనకు ఎందుకు అవసరమో చెప్దామని ఈ పోస్టు.

చేతి విద్య మనకు కొత్త కాదు

ఒళ్లు పట్టడం, బెణికిన కాలు సవరించడం, విరిగిన ఎముకకు కట్టు కట్టడం అన్ని జాతుల్లోనూ ఉన్నదే. మన గూడేల్లో బాలింతకు ఒళ్లు పట్టే అవ్వలున్నారు. కీళ్ల నొప్పులకు ఇప్పనూనె కాచి రాస్తారు. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టే పెద్దలున్నారు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు గురించి మైదానంలో వాళ్లూ చెప్తారు. ఇవన్నీ చేతి నుంచి చేతికి వచ్చిన విద్యలు. ఎక్కువ భాగం కాగితం మీదికి ఎక్కలేదు. పరీక్ష లేదు, పట్టా లేదు. ఏది పనిచేసింది, ఏది వికటించింది అనే లెక్క కూడా రాసి పెట్టుకోలేదు. అందుకే అవ్వతోపాటు ఆమె విద్య కూడా మట్టిలో కలిసిపోతుంది.

యూరప్‌లో దీన్ని పద్ధతిగా నేర్పడం మొదలుపెట్టినవాళ్లలో పెర్ హెన్రిక్ లింగ్ పేరు ముందు వస్తుంది. ఆయన డాక్టర్ కాదు, కత్తిసాము నేర్పే గురువు. 1813లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ప్రభుత్వ వ్యాయామ విద్యా సంస్థ ఆయన చేతుల మీదుగా మొదలైంది. అక్కడ సైనికుల కసరత్తు, బడిపిల్లల కసరత్తుతోపాటు రోగుల కసరత్తును కూడా విడిగా నేర్పారు. అక్కడ చదివినవాళ్లు ఆ పద్ధతిని వేరే దేశాలకు తీసుకుపోయారు.

1894: నలుగురు నర్సులు

1894లో ఇంగ్లండ్‌లో ఒక గొడవ లేచింది. లండన్‌లో కొన్ని మసాజ్ ఇళ్లలో ఆ పేరు పెట్టుకుని వేరే వ్యాపారం నడుస్తోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. దాంతో నిజాయితీగా రోగులకు చికిత్స చేసే ఆడవాళ్లకు కూడా చెడ్డపేరు వచ్చింది.

అప్పుడు లూసీ రాబిన్సన్, రోసలిండ్ పేజెట్, ఎలిజబెత్ మేన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు ఒక సంఘం పెట్టారు. శిక్షణ పొందిన మసాజ్ నర్సుల సంఘం అది. వాళ్లు పెట్టుకున్న నియమాలు చూడండి. డాక్టర్ చెప్పకుండా చికిత్స చేయకూడదు. రోగులకు మందులు అమ్ముకోకూడదు. ఎక్కడపడితే అక్కడ ప్రకటనలు ఇవ్వకూడదు. సంఘంలో పేరు ఉండాలంటే పరీక్ష పాసవ్వాలి. అంటే తిట్టినవాళ్లతో వాదన పెట్టుకోలేదు, పేర్ల పట్టిక, పరీక్ష పెట్టి చూపించారు. 1920లో ఆ సంఘానికి రాజముద్ర దొరికింది. 1944లో పేరు మారి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అయింది. ఇప్పటికీ బ్రిటన్‌లో ఫిజియోల సంఘం అదే.

మనకు ఇందులో ఒక సంగతి ఉంది. పనికి గౌరవం పైనుంచి ఎవరూ దానం చేయలేదు. పని చేసేవాళ్లే జమకూడి తెచ్చుకున్నారు.

యుద్ధం, పోలియో

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చేతులు, కాళ్లు దెబ్బతిన్న సైనికులు వేలల్లో వచ్చిపడ్డారు. సర్జన్ ఆపరేషన్ చేసి ప్రాణం కాపాడతాడు, బాగానే ఉంది. కానీ బిగుసుకుపోయిన మోకాలు వంచేదెవరు? బ్రిటన్‌లో చూపు పోయిన సైనికులకు సెయింట్ డన్‌స్టన్స్ అనే సంస్థలో మసాజ్ విద్య నేర్పారు. కళ్లు లేకపోయినా చేతివేళ్లతో కండరాన్ని చదవగలరని వాళ్లు చూపించారు. అమెరికాలో 1918లో మేరీ మెక్‌మిలన్ సైనిక ఆసుపత్రుల కోసం ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చింది. 1921లో ఆమె మొదటి అధ్యక్షురాలిగా అక్కడి ఫిజియోల సంఘం పుట్టింది.

ఆ రోజుల్లోనే ఇంకో శత్రువు పోలియో. జ్వరం తగ్గేసరికి పిల్లల కాళ్లు చచ్చుబడేవి. ఏ కండరంలో ఎంత బలం మిగిలిందో తెలిస్తేనే ఏ కసరత్తు చేయించాలో తెలుస్తుంది. బోస్టన్‌లో డాక్టర్ లోవెట్, ఆయనతో పనిచేసిన విల్హెల్మీనా రైట్ కలిసి కండరాల బలాన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. ఇవాళ మేము వార్డులో రోగి కాలు పట్టుకుని సున్నా నుంచి అయిదు దాకా వేసే గ్రేడుకు మూలం అక్కడుంది. కాలును మంచం మీద పక్కకు జరపగలిగి, పైకి మాత్రం ఎత్తలేకపోతే రెండు. భూమి లాగుతున్నా ఎత్తగలిగితే మూడు. రెండు నుంచి మూడుకు రావడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ ఒక్క అంకె మారితే మనిషి మంచం దిగే దారి మొదలైనట్టే.

ఆస్ట్రేలియాలో ఎలిజబెత్ కెన్నీ అనే ఆమె ఉండేది. దూరపు పల్లెల్లో తిరిగి వైద్యం చేసేది. పద్ధతిగా నర్సు పట్టా లేదు. పోలియో పిల్లల కాళ్లను బద్దలతో నెలల తరబడి బిగించి ఉంచే రోజుల్లో ఆమె వేడి ఉన్నిగుడ్డలు చుట్టి, కండరాలను కదిలించి నడక నేర్పింది. చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు. 1940లో అమెరికా పోయి తన పద్ధతి చూపించాక అక్కడ ఆదరణ దొరికింది. ఆమె చెప్పిన సిద్ధాంతాలన్నీ నిలబడలేదు గానీ, బిగించి ఉంచడం కన్నా కదిలించడం మేలన్న పాఠం నిలబడింది.

మన దేశంలో

ఇండియాలో మొదటి ఫిజియోథెరపీ బడి 1953లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. దాని వెనకా పోలియో బాధే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం చేసింది. 1955లో ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ వచ్చింది.

మనకు దగ్గర్లోని వెల్లూరు సీఎంసీ కథ కూడా తెలుసుకోవాలి. కుష్టువల్ల వేళ్లు ముడుచుకుపోయినవాళ్లకు డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడ చేతి ఆపరేషన్లు చేశారు. ఆపరేషన్ తర్వాత ఆ వేళ్లకు మళ్లీ పని నేర్పాలంటే ఫిజియోథెరపీ తప్పదు. అక్కడే మేరీ వర్గీస్ అనే యువ డాక్టర్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. తర్వాత న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదివి తిరిగొచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపింది. 1966లో అక్కడ రీహాబిలిటేషన్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. పునరావాసం అంటే మనకు గుర్తొచ్చేది పోలవరం ముంపు, ఖాళీ చేసిన ఊళ్లు. వైద్యంలో ఆ మాటకు అర్థం వేరు. మనిషిని తన ఇంటికి, తన పనికి తిరిగి చేర్చడం.

ఇంకొకటి జైపూర్ కాలు. 1968లో తయారైంది. డాక్టర్ పీకే సేథీతోపాటు దాన్ని తయారుచేసింది రామచంద్ర శర్మ అనే శిల్పి. పెద్ద చదువు లేదు, చేతిపని ఉంది. గొంతుకు కూర్చోవడానికి, పొలంలో నడవడానికి పనికొచ్చే కాలు అది. సేథీ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. శర్మ గారి పేరు అంతగా వినపడలేదు. ఇద్దరూ కలిసి చేసిన పనే, కానీ పట్టా ఉన్నవాళ్ల పేరే ముందు నిలబడింది. చేతిపని తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన మనం పట్టా కూడా ఎందుకు తెచ్చుకోవాలో ఇంతకన్నా వేరే చెప్పక్కర్లేదు.

చట్టం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. నర్సులకు 1947లో, ఫార్మసీవాళ్లకు, దంతవైద్యులకు 1948లో కేంద్ర చట్టాలు వచ్చాయి. ఫిజియోలకు కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేసుకున్నా, దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో వచ్చింది. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం అంటారు. మొదటి బడికీ ఈ చట్టానికీ మధ్య 68 ఏళ్లు. ఇన్నాళ్లూ ఎవరు బోర్డు పెట్టుకున్నా అడిగే దిక్కు సరిగా లేకపోయింది. ఇప్పుడు ఒకే సిలబస్, ఒకే రిజిస్టర్ వైపు పోతున్నాం.

మన గూడేలకు దీనితో పనేంటి?

పోలియో పోయింది. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. మరి ఫిజియో పని అయిపోయిందా? మన దగ్గర మొదలే కాలేదు.

చెట్టు మీద నుంచి పడి తొడ ఎముక విరిగినవాణ్ణి డోలీ కట్టి రోడ్డు దాకా మోస్తాం. పట్నంలో రాడ్ వేస్తారు. తర్వాత వారానికి మూడుసార్లు ఫిజియోకు రమ్మంటారు. బస్సు రాని ఊరి నుంచి ఎట్ల పోతాడు? మోకాలు బిగుసుకుపోతుంది. ఆపరేషన్ బాగా చేసినా మనిషి కుంటుతాడు. పోడు ఎక్కలేడు. పక్షవాతం వచ్చిన తాత, మెదడు దెబ్బతిని పుట్టిన పిల్ల, వంకర పాదంతో పుట్టిన బాబు, అందరిదీ ఇదే కథ. ప్రాణం దక్కింది గానీ నడక దక్కలేదు.

సికిల్ సెల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ జబ్బు ఇండియాలో ఉందని మొదట 1952లో బయటపడింది నీలగిరి ఆదివాసుల్లోనే. మన ఏజెన్సీల్లోనూ ఉంది. కొడవలి ఆకారంలోకి మారిన రక్తకణాలు అడ్డుపడి తుంటి కీలులో తొడ ఎముక తలకు రక్తం అందదు, అది చచ్చుబడుతుంది. పాతికేళ్లకే కుంటుతూ నడిచే పిల్లలున్నారు. వీళ్లకు కసరత్తు చేయించాలంటే జబ్బు తెలిసిన చేయి కావాలి. మామూలు నొప్పికి పెట్టినట్టు ఐసు పెడితే వీళ్లకు నొప్పి తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఒళ్లు అలిసిపోయేదాకా చేయించకూడదు, నీళ్లు తాగిస్తూ ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ కూడా ఉంది. ఈ సంగతి ఇంటింటికీ చెప్పేవాళ్లు కావాలి.

ఇంకొక కారణం భాష. ఫిజియోథెరపీలో సగం చికిత్స మాటే. "ఊపిరి బిగబట్టకు, మడమ మీద బరువు వెయ్యి, నొప్పి ఎక్కడ మొదలైంది?" ఇవి కోయలోనో, గోండులోనో, సవరలోనో, లంబాడీలోనో అడిగితే అవ్వ చెప్పే జవాబు వేరే ఉంటుంది. తెలుగులో అడిగితే తల ఊపి ఊరుకుంటుంది.

చేరాలనుకునేవాళ్లకు

బీపీటీకి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. ఇన్నాళ్లూ నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా నడిచింది. కొత్త కమిషన్ నియమాలు వస్తున్నాయి కాబట్టి ప్రవేశాల సంగతి ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడండి, ఎవరో చెప్పింది నమ్మొద్దు. తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో కూడా ఈ కోర్సు ఉంది. ఎస్టీ రిజర్వేషన్ తెలంగాణలో 10 శాతం, ఆంధ్రలో 6 శాతం. కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రాలు ముందే తీసి పెట్టుకోండి, పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు అవే ఆధారం. ప్రైవేటు కాలేజీ అయితే యూనివర్సిటీ గుర్తింపు ఉందా, పిల్లల్ని పంపడానికి నిజమైన ఆసుపత్రి ఉందా అని అడగండి. రోగులు లేని కాలేజీలో ఈ చదువు రాదు.

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ భయపెడతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం మేమూ ఉన్నాం. ఒక ఎముక పట్టుకుని ఒకరికొకరం గట్టిగా చెప్పుకుంటూ చదివితే వస్తుంది. తర్వాత కసరత్తు చికిత్స, కరెంటు పరికరాల చికిత్స, ఆపైన ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల విభాగాలు.

ఉద్యోగం గురించి దాచకుండా చెప్తాం. చిన్న ప్రైవేటు క్లినిక్‌లలో మొదటి జీతం తక్కువే. ప్రభుత్వ నోటిఫికేషన్లు తరచుగా రావు. కానీ దారులున్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఉన్న సత్వర చికిత్సా కేంద్రాలు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలు, వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం, పెద్ద ఆసుపత్రుల ఐసీయూలు, క్రీడా జట్లు. ఎంపీటీ రెండేళ్లు చేస్తే ఒక విభాగంలో నిపుణులు కావచ్చు, కాలేజీలో పాఠం చెప్పొచ్చు. సొంత క్లినిక్ పెట్టుకోవడానికి పెద్ద యంత్రాలే అక్కర్లేదు. ఒక బల్ల, కోణం కొలిచే గోనియోమీటర్, తెలిసిన చేతులు ఉంటే మొదలుపెట్టొచ్చు.

అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఏజెన్సీలోని ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఫిజియో పోస్టు ఉండాలి, ఆ పోస్టు ఖాళీగా ఉండకూడదు. సంతరోజు ఫిజియో కూర్చుంటే చాలామంది ఒకే ప్రయాణంలో రెండు పనులు చేసుకుపోతారు. ఆశా అక్కలకు పదిరకాల కసరత్తులు నేర్పితే డోలీలో పోయినవాడు తిరిగొచ్చాక కూడా చికిత్స ఆగదు. ఈ డిమాండ్లు మన సంఘాల వినతిపత్రాల్లో రోడ్డు, కరెంటు పక్కనే ఉండాలి.

ఆ నలుగురు నర్సులు చేసింది ఇదే కదా. నలుగురే. మన గ్రూపులో నలుగురి కన్నా ఎక్కువే ఉన్నాం. ఈ ఏడాది మీ మండలం నుంచి ఒక్కరైనా ఈ కోర్సుకు అప్లై చేసేట్టు చూడండి. పత్రాల దగ్గర, ఫీజు దగ్గర, మొదటి ఏడాది పుస్తకాల దగ్గర సాయానికి సీనియర్లం మేమున్నాం.

జోహార్.