ఆ బిళ్ళ నాకొద్దు పెద్దత్తా

శివలింగపురం దగ్గర ఘాట్ మొదలయ్యేసరికి టెంపో ట్రావెలర్‌లో పెళ్ళి ఫొటోలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తిరుగుతున్నాయి. పెళ్ళై ఇంకా నెల కాలేదు. మగపెళ్ళివారంతా కలిసి విజయనగరం నుంచి అరకు బయల్దేరారు. డ్రైవరు పక్క సీటు పెదమావయ్యది. అది ఎవరూ రాసిపెట్టింది కాదు, కాదని అడిగేవాళ్ళూ లేరు. కొత్త కోడలికి వెనక చక్రం మీది సీటు దక్కింది. ఒళ్ళో ఆడపడుచు కొడుకు, చేతిలో ఫోను. పొద్దున్నే నూనె ఓడుతున్న పూరీలు కూడా తిన్నారేమో, కడుపులో తిప్పడానికి అంతకంటే ఏర్పాట్లు అక్కర్లేదు. చెవి లోపలి ద్రవం బండి మలుపు తిరుగుతోందని చెబుతుంది. ఫోన్ మీద పెట్టిన కళ్ళు అంతా కదలకుండానే ఉందంటాయి. ఆ రెండు కబుర్లూ పొసగకే వికారం పుడుతుంది.

టైడా దాటాక బండి ఆపించారు. పిట్టగోడ పట్టుకుని ఆ అమ్మాయి రెండుసార్లు కక్కుకుంది. అత్తగారు వీపు నిమురుతోంది. బండిలో ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏటే, విశేషమా?" అని చిన్నత్త కిసుక్కున నవ్వింది.

పెద్దత్త మాత్రం సంచి జిప్పు తీసి, బిళ్ళల అట్టలోంచి ఒకటి నొక్కి అరచేతిలో పెట్టింది. "ఇది వేసీసుకో అమ్మా. పొద్దున్న నానూ ఒకటి వేసీసుకున్నాను. కొండెక్కాలంటే నాకిది అలవాటే."

చిన్న తెల్ల బిళ్ళ. అమ్మాయి దాన్ని చూసి అత్తగారి వైపు చూసింది. ఆ బండిలో అసలు సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే: తను, భర్త, అత్తగారు.

(పేర్లు రాయడం లేదు. ఆ ఇంట్లో ఆ అమ్మాయి ఇంకా కొత్త.)

డిగ్రీ చదివే రోజుల్లో, హాస్టల్లో తెల్లవారుజామున పక్క మంచం మీది అలారం గట్టిగా మోగింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్న పిల్ల అలాగే ఒరిగిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. మూర్ఛ అన్నారు. ఏళ్ళ తరబడి ఫిట్స్ మాత్రలు మింగింది. అయినా ఫోన్ హఠాత్తుగా మోగినప్పుడు మళ్ళీ పడిపోయింది. చివరికి ఒక డాక్టరు తలని వదిలేసి ఛాతీ మీద తీగలు పెట్టి ఈసీజీ తీశారు. గుండె ఒకసారి కొట్టుకున్నాక, తర్వాతి దెబ్బకి విద్యుత్తు పరంగా మళ్ళీ సిద్ధమవ్వాలి. ఈసీజీ గీతలో దాన్ని చూపించే దూరమే క్యూటీ. లెక్కగట్టి చూస్తే ఆమెకి 490 మిల్లీసెకన్లు వచ్చింది. ఆడవాళ్ళలో 460 దాటితేనే ఆలోచిస్తారు. పేరు లాంగ్ క్యూటీ సిండ్రోమ్. వాళ్ళమ్మ ఈసీజీలోనూ అదే కనిపించింది. పుట్టుకతో, రక్తంలో వచ్చేది. మూర్ఛగా పొరబడటం ఈ జబ్బు విషయంలో కొత్తేం కాదు. హఠాత్తుగా మోగే శబ్దానికి పడిపోవడం దీనిలో ఒక రకానికి గుర్తే. ఫిట్స్ మాత్రలు ఆగాయి, ప్రొప్రనొలాల్ మొదలైంది.

పెళ్ళిచూపులకి ముందే అబ్బాయికీ, అతని తల్లికీ చెప్పేశారు. "మిగతావాళ్ళకి ఎందుకులే, మందు వేసుకుంటే సరి కదా" అని కప్పెట్టింది అత్తగారే. ఇప్పుడు రోడ్డు పక్కన, పది కళ్ళ ముందు, ఆ మూత తీయాల్సి వచ్చింది.

ఎందుకంటే మన దగ్గర వాంతి బిళ్ళంటే ఎవరికీ మందన్న లెక్కే లేదు. బస్సులో ముందు సీటు వాళ్ళు వెనక సీటుకి అందిస్తారు, పిప్పరమెంటులా. లాంగ్ క్యూటీ ఉన్నవాళ్ళకి మాత్రం పేచీ అక్కడే. పెద్దత్త అరచేతిలోది డోంపెరిడోన్. గుండె కణాల్లో పొటాషియం బయటికి పోయే దారిని అది అడ్డగిస్తుంది. అసలే సాగిన క్యూటీ ఇంకా సాగుతుంది. అప్పుడు గుండె కింది గదులు గతి తప్పి, మెలితిరిగినట్టు కొట్టుకోవచ్చు. 1966లో ఫ్రాన్సులో డెసర్టెన్ అనే డాక్టరు ఈ లయకి టోర్సాడ్ డి పాయింట్స్ అని పేరు పెట్టాడు. ఈ బిళ్ళ వాడకాన్ని యూరప్‌లో 2014లో బాగా కుదించారు. వాంతులనగానే రాసే ఆన్‌డాన్‌సెట్రాన్‌దీ అదే గొడవ: రక్తనాళంలోకి ఒకేసారి 32 మిల్లీగ్రాములు ఎక్కించే పద్ధతికి 2012లో అమెరికాలో స్వస్తి పలికారు. ప్రయాణపు వాంతులకని అడిగి కొనుక్కునే ప్రొమెథజీన్ కూడా పుట్టుకతో లాంగ్ క్యూటీ ఉన్నవాళ్ళు దూరం పెట్టాల్సిన జాబితాలోదే. ఇంకో విడ్డూరం ఉంది. మలుపుల వాంతి చెవిలో మొదలవుతుంది, అందుకే డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ దానిమీద పెద్దగా పనిచేయవు కూడా.

అలాగని కక్కుకుంటూ కూర్చుందామన్నా కుదరదు. వాంతులు ఎక్కువైతే ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. అవి పడిపోయినా క్యూటీ సాగుతుంది. పొద్దున వేసుకున్న ప్రొప్రనొలాల్ కూడా బయటికొచ్చేసిందేమోనన్న దిగులు వేరే.

"ఆ బిళ్ళ నాకొద్దు పెద్దత్తా. నాకు గుండె జబ్బుంది, అది పడదు" అంది అమ్మాయి. గొంతు పెద్దగా రాలేదు గాని అందరికీ వినిపించింది.

చిన్నత్త నవ్వు ఆగిపోయింది. అత్తగారు అందుకుంది: "నాకు తెలుసొదినా. తెలిసే చేసుకున్నాం. ముందు పిల్లని కూర్చోబెట్టండి."

ఘాట్‌లో సిగ్నల్ లేదు. అబ్బాయి ఫోను పైకెత్తుకుని రెండు మలుపులు నడిచి వెళ్ళి విశాఖలో చూసే డాక్టరుని పట్టుకున్నాడు. మాత్ర వేసుకుని ఎంతసేపైందని ఆయన అడిగారు. ఆరింటికి వేసుకుంది, కక్కుకున్నది ఎనిమిదిన్నరకి. "అయితే మళ్ళీ వద్దు, సాయంత్రంది మాత్రం మానొద్దు. ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా పట్టండి. ఇంకా వాంతులైనా, కళ్ళు తిరిగినా అరకు మాట మర్చిపోయి కిందికి దింపి ఈసీజీ తీయించండి." ఇదే జవాబు ఇంకొకరికి వర్తించదు, ఎవరి మాత్రకి వాళ్ళ డాక్టరే చెప్పాలి.

తర్వాతి పని మందుతో అయ్యేది కాదు. డ్రైవరు తెగించి అనేశాడు: "ముందు సీట్లో కూకోబెట్టండి బాబూ, రోడ్డు కనపడితే తగ్గిపోద్ది." అందరూ పెదమావయ్య వైపు చూశారు. ఆయన ఒక్క క్షణం పై కండువా సర్దుకున్నాడు. దిగి, ఏం మాట్లాడకుండా వెనక చక్రం మీది సీటుకి వెళ్ళి కూర్చున్నాడు. అద్దం దించారు. ఫోను బ్యాగులో పడేశారు. కళ్ళు దూరంగా రోడ్డు మీద, తల సీటుకి ఆనించి, చప్పరించడానికి చిన్న అల్లం ముక్క. అనంతగిరి వచ్చేసరికి మొహంలో రక్తం కనిపించింది. బండి ఎక్కే ముందే చేయాల్సిన పని, సగం కొండెక్కాక చేశారు.

అరకులో భోజనాలయ్యాక పెద్దత్త మెల్లగా పక్కన చేరింది. సంచిలోంచి ఇంకో అట్ట తీసింది. "నాకూ గుండె దడకి ఈ బిళ్ళ ఇచ్చారే. మరి పొద్దున్న నాను వేసుకున్నది..."

అట్ట మీద అమియోడరోన్ అని ఉంది.

గుండె దడలన్నీ ఒకటి కావు, అందరికీ ఒకే బిళ్ళ చేటు చేయదు. కానీ అమియోడరోన్ కూడా క్యూటీని సాగదీసే మందే. దానికి డోంపెరిడోన్ జత చేయకూడదు. మళ్ళీ ఫోను. డాక్టరు ఆవిడతోనే మాట్లాడారు: తల తిరిగిందా, స్పృహ తప్పిందా? లేదు. ఆ వాంతి బిళ్ళ ఇక ఒక్కటి కూడా వద్దు, అమియోడరోన్ సొంతంగా ఆపొద్దు, తేడా అనిపిస్తే అక్కడి ఆసుపత్రికే, లేకపోతే రేపు పొద్దున్నే ఈసీజీ, రక్తంలో పొటాషియం పరీక్ష.

"మరి దిగేటప్పుడు కడుపులో తిప్పితే ఏటి చెయ్యడం?" అంది పెద్దత్త. ముందు సీటు ఒక్కటే.

"కిరండూల్ బండి ఉంది కదా పెద్దత్తా. మనిద్దరం, అత్తా కొత్తవలసలో దిగుదాం" అంది కొత్త కోడలు. రైలు పట్టాలు ఘాట్ రోడ్డులా ఉన్నచోటే మెలి తిరగలేవు. సొరంగాలు 50కి పైగా ఉన్నా అవి కడుపుని ఏమీ అనవు.

ముగ్గురినీ స్టేషన్లో దింపారు. పెదమావయ్య తన సీటెక్కి తలుపు వేసుకుని, "ఇంక పోనీరా" అన్నాడు డ్రైవరుతో.